నాలుగు టిక్కులు

కారిపోయిన షాక్అబ్జార్బర్ నూనె వాసన మీకు తెలుసో లేదో. మాడిన ఆముదంలో మట్టి కలిపినట్టుంటుంది. మొన్న బళ్ళారి బజారులో ఒక స్పేర్‌పార్టుల దుకాణం ముందు ఆ వాసన ముక్కుకు తగిలి ఆగిపోయాను. లోపల ఎవరో రేసు బండికి వేసే ఖరీదైన షాకులు కొంటున్నాడు. అమ్మేవాడు, "ఫుల్లు బిర్రుగా పెట్టుకోండి సార్, బండి రోడ్డుకు అతుక్కొని పోతాది" అంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏ రోడ్డో అడగలేదు, బండిలో ఎంతమంది కూర్చుంటారో అడగలేదు, బిర్రుగా పెట్టుకోవాలట! నాకు సంబంధం లేకపోయినా లోపలికెళ్ళి ఇద్దరినీ దులిపేశాను. వాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చూడనీ. ఓబులేసు బతికుంటే ఇంతకు పదింతలు తిట్టేవాడు.

ఓబులేసు మెకానిక్. ఎనభైలలో బళ్ళారిలోనే సత్యనారాయణపేట చివర ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. మాది గనుల నుంచి ఇనుపరాయి తోలే లారీల ఇల్లు. లారీ కుంగిందంటే చక్రాల మీది స్ప్రింగుకు ఇంకో ఉక్కు కమాన్ పట్టీ వేయించడం తప్ప మాకు వేరే వైద్యం తెలియదు. గట్టిగా ఉంటేనే బండి అని పాలతో పాటు తాగి పెరిగినవాళ్ళం. అటువంటి నేను ఒక పాత కారు కొని, ఇంజను బలం పెంచి, సండూరు కొండల వైపు జరిగే కార్ల పందెంలో దిగాలనుకున్నాను. గాంధీనగర్‌లో మా పక్కింటి చంద్ర నా పక్కన కూర్చుని కాగితం చూసి ముందున్న మలుపులు చదివి చెప్పడానికి ఒప్పుకున్నాడు. షాకుల కోసం నేనే మద్రాసు పోయి, దుకాణంలో అన్నిటికంటే గట్టివి ఏరి తెచ్చాను.

ఓబులేసు ఒకదాన్ని నేలమీద నిలబెట్టి రెండు చేతులతో అదిమాడు. అది కదల్లేదు. తల ఎత్తి నన్ను చూశాడు.

"ఏమప్పా, కార్లో ఇనుపరాయి పోస్తావా?"

"గట్టివి గదన్నా. మంచివే గదా."

"గట్టివి యాంటికి? గోడ కడ్తాండావా? స్ప్రింగు ఎగరేస్తాది, షాకు దాన్ని పట్టి నిలబెడతాది. గొంతు పిసికేది దాని పని కాదు. తీస్కపో వీటిని, నాకు బేజారు చెయ్యొద్దు."

తిప్పి మెత్తగానో బిర్రుగానో పెట్టుకునే రకం కావాలన్నాడు. తిట్టుకుంటూ మళ్ళీ మద్రాసు పోయాను. వాటి పక్కన చిన్న గుండీ ఉండేది. తిప్పితే టిక్కుమనేది. ఒక్కో టిక్కుకు షాకు కొంచెం బిర్రవుతుంది.

బిగించడం ఒక్క పూట పనే. సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. నన్నూ చంద్రనూ కారులో కూర్చోబెట్టి, ట్యాంకు నిండా పెట్రోలు, వెనక రెండు స్టెప్నీలు పెట్టించాకే ఆయన బానెట్ మూల అదిమి చూసేవాడు. మనిషి లేకుండా చొక్కాకు కొలత తీసేవాడు దర్జీ కాదు, ఖాళీ బండికి షాకులు సరిచేసేవాడు మెకానిక్కూ కాదనేవాడు. ఆ తర్వాత తనే వెనక సీట్లో కూర్చుని లారీలు తిరిగే మట్టిరోడ్డు మీదికి తోలమన్నాడు. ఆ రోడ్డంతా కప్పురేకులాగా మిట్టలు పడిపోయి ఉండేది. కొంతదూరం పోగానే ఆపమని నా వీపు మీద కొట్టేవాడు. దిగి, కింద దూరి, ఒక టిక్కు తిప్పి, మళ్ళీ ఎక్కేవాడు. మలుపుల్లో కారు బాగా వాలుతోందని నేను గొణిగాను.

"వాలనీ. వాలితే నీ సొమ్మేం పోతాది?" అని ఇంతెత్తున లేచాడు. "ఇనప్పా. మిట్టెక్కిన చక్రం మల్ల కిందికి దిగల్ల. నువ్వు బిర్రుగా పెడితే అది దిగేలోగా ఇంగో మిట్ట వస్తాది. దాని ఎనకాల ఇంగోటి. చక్రం నేల ముట్టదు. గాల్లో ఉండే చక్రానికి స్టీరింగు ఏం జేస్తాది, బ్రేకు ఏం జేస్తాది?"

మూడో సాయంత్రం ఇంట్లోంచి భార్య గోళ్ళరంగు తెచ్చి నాలుగు గుండీల మీదా, పక్కనున్న షాకు మీదికీ కలిపి ఎర్రటి గీత పెట్టాడు. ఆ గీత జరిగితే నా చేతులు విరుస్తానన్నాడు.

పందెం పొద్దున వేరే బండివాడు ఒకడు నా కారు మూల అదిమి పకపకా నవ్వాడు. "ఏందప్పా, ఉయ్యాల తెచ్చినావు?" అన్నాడు. చుట్టూ నలుగురూ నవ్వారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. టైర్లు చూసొస్తానని చంద్రతో చెప్పి కింద దూరాను. నాలుగు చక్రాలకూ నాలుగేసి టిక్కులు బిగించాను. మూడు రోజుల ఓబులేసు పనిని చెడగొట్టడానికి నాకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

తారురోడ్డు మలుపుల్లో కారు వాలకుండా పోతుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను. మట్టిరోడ్డు మొదలయ్యాక మలుపులో స్టీరింగు తిప్పాను. కారు తిరగలేదు. బ్రేకు తొక్కాను. ఎగురుతూనే పక్కకు పోయి కాలువలో బోర్లాపడింది. నాకు గీత కూడా పడలేదు. చంద్ర మోకాలు నుజ్జయింది. ఆ కాలు ఈరోజుకీ మడవలేడు.

కారును ఓబులేసు షెడ్డుకే ఈడ్చుకొచ్చారు. రెండు గుండీలు ఊడిపోయాయి. మిగిలిన రెండూ రాళ్ళకు నలిగి బిగుసుకుపోయాయి, గీత జరిగిందో లేదో చెప్పడానికి రంగు ఆనవాలు కూడా లేదు. మా నాయన వచ్చి వీధంతా వినబడేలా అరిచాడు. "నువ్వు పెట్టిన సామాన్లకే గదరా పిల్లోని కాలు పోయింది!" ఓబులేసు నా వైపు తిరిగాడు.

"నువ్వేమన్నా ముట్టుకున్యావా?"

ఆ గొంతులో తిట్టు లేదు. భయం ఉంది. ఆ మనిషి భయపడటం నేను అంతకుముందు చూడలేదు.

"లేదన్నా" అన్నాను.

ఆయన నన్ను నమ్మాడు. నా నాలుక పీకేసుకోవాలనిపించేది అందుకే. అబద్ధమని చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది. నమ్మి, తన అరచేతులు రెండూ చూసుకుంటూ షెడ్డులోకి పోయాడు. మా లారీలు అక్కడికి పోవడం మానేశాయి. తర్వాత అందరివీ మానేశాయి. ఏడాది తిరక్కముందే షెడ్డు మూసి ఆదోని పోయాడు.

ఆరేళ్ళు నోరు మూసుకుని బతికాను. పెళ్ళి చేసుకున్నాను, పండగలకు కొత్త బట్టలు కట్టుకున్నాను, సిగ్గులేకుండా. చివరికి చంద్రకు చెప్పేశాను. వాడు "నాకు గాదు, పోయి ఆయనకు చెప్పు" అని మాత్రం అన్నాడు.

ఆదోనిలో ఓబులేసు పొలాలకు నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేస్తున్నాడు. నిలబడే చెప్పాను. "అన్నా, ఆ పొద్దు గుండీలు నేనే తిప్పినా."

ఆయన చేతిలో స్పానరు ఆగింది.

"ఎన్ని?"

"నాలుగు టిక్కులు."

"ముందరవా, ఎనకవా?"

"నాలుగు చక్రాలకీ."

కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆ రోడ్డు, ఆ మలుపు, మా ఇద్దరి బరువు లెక్కేసుకుంటున్నాడని నాకు అర్థమైంది.

"నాలుగైతే చక్రం లేస్తాది" అన్నాడు. "లేవక ఏం జేస్తాది." ఖాళీగా ఉన్న అరచెయ్యి చూసుకున్నాడు. "నా చెయ్యే తప్పు చేసిందనుకున్నానప్పా. ఆరేండ్లు. ఒక్క కారు కిందికి దూరలే. ఇంగో పిల్లోని కాలు తీస్తానేమోనని."

క్షమించమనడానికి నోరు తెరిచాను. స్పానరు నా కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు. "పో ఈడ్నించి!"

ఆ తర్వాత ఆయన మళ్ళీ కార్లు పట్టాడని, దూరాల నుంచి కూడా బండ్లు వచ్చేవని విన్నాను. నన్ను మాత్రం తను పోయేదాకా గడప తొక్కనివ్వలేదు. చంద్ర ఇప్పటికీ ఎప్పుడైనా ఆ కాలు చాపుకుని కూర్చుని, నీ మీద నీకు కోపం తగ్గిందా అని అడుగుతాడు. తగ్గలేదు. తగ్గనివ్వను కూడా.