నడుముకు దోపిన ఎడమచెయ్యి

మా అన్న రాజలింగం మొన్న అమావాస్య మర్నాటి ఉదయం చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే కన్నుమూశాడు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. వరంగల్ బజారులో మా కిరాణా కొట్టు వెనుక గదిలో పాడి టేపుకెక్కిన కళాకారులందరికీ ఈ దుర్వార్త చెప్పవలసిన భారం చెల్లెలినైన నామీద, ఆ గదిలో టేపు నడిపినదాన్ని కాబట్టి నామీదే పడింది. దుఃఖం కంటె భయమే ఎక్కువగా ఉందని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆ భయమంతా అన్న చేసిన పెట్టె గురించి. మైకులోంచి వచ్చే సన్నని ధ్వనిని టేపుకెక్కేంత బలంగా పెంచే ప్రీయాంప్ అది. మద్రాసులో మూతబడిన ఒక స్టూడియో నుంచి పాత గాజు వాల్వుల ప్రీయాంపును డెబ్బైల్లో ప్రాణప్రదంగా తెచ్చుకున్నాడు. ఒక వానకాలం అది మూగబోయింది. అప్పటికి ఊరంతా ట్రాన్సిస్టర్ల వైపు మళ్ళింది. అన్న మాత్రం పాత రేడియోల వాల్వులు ఏరుకొచ్చి, చచ్చినదాని ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసి బిగించి, అచ్చం అటువంటిదే మళ్ళీ నిర్మించాడు.

"కొత్తయి గొంతును ఉతికి ఆరేస్తయి చెల్లే. ఇది గొంతును గొంతు లెక్కనే ఉంచుతది" అనేవాడు.

ఆయన సర్వజ్ఞుడని అబద్ధం చెప్పను. ప్రతిధ్వని రాకూడదనే సదుద్దేశంతో గది గోడలకు ఖాళీ మిర్చి బస్తాలు కొట్టించిన ఘనుడు ఆయనే. హసన్‌పర్తి నుంచి వచ్చిన ఎల్లమ్మ దంపుడు పాట ఎత్తుకుని రెండో చరణానికే దగ్గుతో కూలబడింది. "పాట పాడుమని పిలిచి పొగ పెడుతున్నవా అయ్యా" అని అడిగితే అన్న తల గోక్కున్నాడు. మర్నాడు వాటి స్థానంలో ఖాళీ బియ్యం బస్తాలు వచ్చాయి.

దసరా నాటి సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు మా వ్యాపారుల ఇళ్ళల్లో తక్కెడకూ తూకపు రాళ్ళకూ బొట్టు పెడతాం. వదిన తడి పసుపు కలిపి, మూత తీసి ఉన్న ఆ పెట్టెకూ పెట్టబోయింది. స్విచ్చి ఆర్పే ఉంది. కానీ స్విచ్చి ఆర్పినా దాని కండెన్సర్లలో విద్యుత్తు నిలిచే ఉంటుంది. అన్న ఒక చేత్తో ఇనుప చట్రం పట్టుకుని, రెండో చెయ్యి వదినకు అడ్డం పెట్టబోయి లోపల తగిలించుకున్నాడు. మనిషి ఎగిరి గోడకు కొట్టుకుని పడ్డాడు. "ఇయ్యాల్నే దీన్ని తీస్కపోయి బావిల పారేస్త" అని వదిన ఏడ్చింది.

పారేయనివ్వలేదు. ఆనాటి నుంచి పెట్టె విప్పినప్పుడల్లా ఎడమచేతిని వెనక్కి మడిచి పంచె నడుముకట్టులో దోపుకునేవాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందట.

"నీకు భయమైతలేదా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు కాదు? భయమున్న చెయ్యే జర చూసుకుంట పోతది. భయం పోయిన్నాడు నువ్వు గూడ దాని మూత తియ్యకు."

మైల తీరాక నిన్న కరెంటు ఇస్తే పెట్టె బుయ్యిమంటున్నది, ఆ మోతలో పాట టేపుకెక్కదు. ఎల్లమ్మకు గొంతులో గడ్డ. వచ్చేవారం ఆపరేషన్. ఆ తరువాత గొంతు ఉంటుందో లేదో చెప్పలేమన్నారట. ఆమె దంపుడు పాటల్లో సగం ఇంకా టేపుకెక్కలేదు, మరెవరికీ రావు. సోమవారం వస్తానని కబురు పెట్టింది: "రాజలింగమయ్య లేకున్నా పెట్టె ఉన్నది గద బిడ్డా."

రేడియో బాగుచేసే ఖాసింను పిలిపించాను. మూత తీసి చూశాడు, మెల్లగా మళ్ళీ పెట్టేశాడు. "అక్కా, ఇది నాతోని కాదు. పిల్లలు గలోణ్ణి" అని చెప్పులు తొడుక్కున్నాడు. అతన్ని తప్పుపట్టను.

సంతాపసభలో పెద్దలు పూలమాలలు వేస్తారు. ఆయన స్థానం ఎవరూ పూరించలేరంటారు. అది అక్షరసత్యం, ఇంకెవరికీ తెలియనంతగా నాకు తెలుసు. కానీ నా శ్రద్ధాంజలికి సభ అక్కరలేదు. రేపు పొద్దున ప్లగ్గు పీకుతాను. ఆయన చేసినట్టే తీగతో కండెన్సర్ల విద్యుత్తు దించుతాను. ఎడమచేతిని వెనక్కి మడిచి చీర నడుముకట్టులో దోపుకుంటాను.

అన్నా, మస్తు భయమైతాంది. అంటే దాని మూత తియ్యొచ్చన్నట్టే గద.