రాజేశ్వరమ్మ గారి లండన్ ప్రయాణం

మొన్న మా కోడలు కొత్త నేత చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. నాకు గవర్నర్‌పేటలోని ఒక బట్టల కొట్టు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రాజేశ్వరమ్మ గారు గుర్తొచ్చారు. ఇక ఆ పూట ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

డెబ్బైల్లో నేను ఆ హోల్‌సేల్ కొట్లో టైపిస్టుగా చేరాను. పెడన చుట్టుపక్కల నేతగాళ్ళకు నూలిచ్చి, బట్ట నేయించి, ఊరూరి దుకాణాలకు పంపే వ్యాపారం. పేరుకు యజమాని ఆవిడ భర్త సాంబశివరావు గారు. కొట్టు నడిపేది ఆవిడ. బేరానికొచ్చిన మగవాళ్ళు ఆవిడ ఎదుట గొంతు తగ్గించి మాట్లాడేవారు. అలాంటి మనిషి, ఎవరింట్లోనైనా సీమంతమంటే చీర పంపేవారే గాని గడప దాటేవారు కాదు. పెళ్ళయి ఎన్నేళ్ళయినా పిల్లల్లేరు. "వెళితే ఎవరూ ఏమీ అనరమ్మాయ్. గాజులు తొడిగే వంతు మాత్రం నా దగ్గరికొచ్చేసరికి దాటిపోద్ది" అని ఒకసారి నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు చూడలేక టైపు మిషను వైపు తిరిగాను.

మద్రాసులో, బొంబాయిలో చూపించుకున్నారు. లోపలి నాళాలు మూసుకుపోయాయనీ, లండన్‌లో ఆపరేషన్ చేసి తెరుస్తున్నారనీ, అయినా ఖాయంగా చెప్పలేమనీ డాక్టర్లన్నారు. ఆ చివరి ముక్క ఆవిడ చెవిన వేసుకోలేదు. పటమటలో స్థలం పోయింది, ఒంటి మీది బంగారం పోయింది, చివరికి ఉంటున్న ఇల్లే అమ్మి కొట్టు మేడ మీది రెండు గదుల్లోకి మారారు. "ఇంత పెట్టే బదులు ఎవర్నయినా పెంచుకోవచ్చు కదండీ?" అని తెగించి అడిగాను. ఆవిడ కోప్పడలేదు. "పెంచుకోవచ్చు. కానీ బిడ్డ కడుపులో కదిలితే ఎలా ఉంటదో ఒక్కసారి తెలుసుకోవాలనుందే" అన్నారు.

ఆడమనిషి పిల్లల కోసం సముద్రాలు దాటుతుందంటే ఊరు ఊరుకుంటుందా? అందుకని సాంబశివరావు గారు, "ఎగుమతి బేరం చూసొస్తాం" అని నలుగురిలో ఒక మాట వేశారు. అదే కొంప ముంచింది. ఆ రోజుల్లో విదేశం వెళ్ళేవాళ్ళకు చేసే మర్యాద ప్రకారం, బట్టల వ్యాపారులంతా స్టేషన్‌కి వచ్చి దండలు వేసి, ఫొటోలు తీయించి మరీ మద్రాసు రైలెక్కించారు. అన్ని దండల మధ్య ఆవిడ తలెత్తకుండా కూర్చున్నారు.

కొన్ని నెలలకు తిరిగొచ్చారు. మనిషి సగమయ్యారు. లోపలంతా పాడయిందనీ, ఇక ఆశ పెట్టుకోవద్దనీ అక్కడి డాక్టర్లు చెప్పి పంపేశారట. ఆ సంగతి నాకు చెప్పి, ముఖం కడుక్కొచ్చి, మళ్ళీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు.

వారం తిరక్కుండానే పెడన నుంచి వీరరాఘవులనే పెద్ద నేతగాడు తన వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. "దొరల ఆర్డరు వచ్చిందామ్మా? మీరు పెద్ద పని తెస్తారని వేరే షావుకార్ల నూలు ముట్టుకోలేదు. మగ్గాలన్నీ ఖాళీగానే ఉంచాం" అన్నాడు ఆశగా.

సాంబశివరావు గారు కంగారుగా, "వస్తుందయ్యా, కాస్త ఓపిక పట్టండి" అని అందుకున్నారు.

ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ఆర్డరూ లేదు, ఏమీ లేదు రాఘవులూ. నేను వెళ్ళింది పిల్లల కోసం, వైద్యానికి. కుదర్లేదు. ఇక నాకు పుట్టరు. మీకు నూలు కొనిచ్చే డబ్బూ ఇప్పుడు లేదు. మీరు మాత్రం ఇయ్యాళే వెళ్ళి ఎవరి దగ్గరయినా నూలు తీసుకోండి."

గుమాస్తాలు, బేరానికొచ్చినవాళ్ళు అందరూ విన్నారు. సాంబశివరావు గారు లేచి మేడ మీదికి వెళ్ళిపోయారు. వీరరాఘవులు కండువాతో ముఖం తుడుచుకొని, "ముందే చెప్తే మా ఆడాళ్ళు మీ కోసం మొక్కుకునేవాళ్ళు కదమ్మా" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక, "అందరి ముందూ ఎందుకు చెప్పారండీ?" అన్నాను ఏడుపు ఆపుకోలేక.

"నా ఇల్లు పోయింది, నా ఆశ పోయింది. అవి నావి. వాళ్ళ పొయ్యి ఆర్పే హక్కు నాకెక్కడిదే?"

సాయంత్రానికి బజారంతా అదే మాట. ఆమె లేనప్పుడు జనం వాడిన మాటలు ఇక్కడ రాయలేను. ఏడాదిలో కొట్టు చేతులు మారింది. ఆ దంపతులు ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత మా ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచి, "డాక్టరేమన్నాడు?" అని అడిగారు. చెప్పొద్దని మా పిల్లలు వెనక నుంచి సైగ చేస్తున్నారు. "తగ్గిపోతుందట" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజు కొట్లో ఆవిడ ఎత్తిన చెయ్యి గుర్తొచ్చి ఆగిపోయి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, "అయితే చెల్లెల్ని పిలిపించు" అన్నారు. ఏళ్ళ తరబడి మాటల్లేని ఆ అన్నాచెల్లెళ్ళు, మిగిలిన ఆ కాసిని రోజులూ చేతులు పట్టుకుని కబుర్లు చెప్పుకున్నారు.