ఉప్పందించినవాడెవడు?

కోటబొమ్మాళి బజారులో బట్టల కొట్టు నడిపే ఉమాపతికి మనుషుల్ని తొందరగా నమ్మే అలవాటు లేదు. చీర బాగోలేదని నోటితో అంటున్న మనిషి వేళ్ళు అంచును ఎలా తడుముతున్నాయో చూసేవాడు. కుర్రతనంలో విశాఖపట్నంలో మనస్తత్వశాస్త్రం ఎం.ఏ. చదివాడు. తండ్రి మంచం పట్టడంతో వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు ఇక లేవలేదు. చదవడం మాత్రం మానలేదు. బేరాలు లేని మధ్యాహ్నాలు మనోవిశ్లేషణ పుస్తకం తెరిచేవాడు. భార్య కమలాదేవి మేనమామ కూతురే. "ఊరోళ్ళ కలలు నీకెందుకు బావా, కొట్టుకొచ్చినోళ్ళని సూడు" అని విసుక్కునేది.

రోడ్డు వెడల్పు చేస్తారన్న కబురుతో బజారంతా వణికింది. అరుగులు పోతాయని ఒకరన్నారు, సగం కొట్టే పోతుందని ఇంకొకరన్నారు. అంతవరకూ ఒకరి బేరం ఒకరు తన్నుకుపోయినవాళ్ళు వర్తక సంఘంగా ఏర్పడ్డారు. సిమెంటు, ఇనుము అమ్మే ఆనంద్‌కుమార్‌ని ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. అతనిది గోడకి తగిలి తిరిగొచ్చే గొంతు. అతను లేస్తే లేచేవారు, తిడితే తిట్టేవారు. పక్క కొట్టువాడి మొహం చూడనివాళ్ళు కూడా భుజాల మీద చేతులేసుకు తిరిగారు.

ఈ అన్నదమ్ముల వరస ఉమాపతికి మొదటినుంచీ అనుమానంగానే ఉంది. గుంపులో ప్రతివాడూ తన బుర్రలోని తీర్పరిని తీసి నాయకుడి చేతిలో పెడతాడని, అందరి తీర్పరీ ఒకడే అయిపోతాడు కాబట్టి అందరూ ఒక తండ్రి బిడ్డల్లా కలిసిపోతారని అతను చదువుకున్నాడు. తండ్రికి ఏమైనా అయితే ఆ ప్రేమంతా ఎటు తిరుగుతుందో కూడా చదివాడు.

కొలతలవాళ్ళు వచ్చే రోజున కొట్లు మూసేసి రోడ్డు మీద బైఠాయించాలని గుట్టుగా అనుకున్నారు. వాళ్ళు ఒకరోజు ముందే దిగిపోయారు. ఎవరూ ఊపిరి తిప్పుకోకముందే గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడిపోయాయి.

సాయంత్రం సత్రంలో మీటింగు పెట్టారు. అందరూ ఆనంద్‌కుమార్ వైపే చూస్తున్నారు. అతను కాసేపు నేల చూసి, తల ఎత్తాడు.

"మనలోనే ఎవడో ఉప్పందించినాడు."

అప్పుడు మందుల షాపు త్రినాథ్ లేచాడు. "కొలతలోళ్ళు ధర్మేంద్ర కొట్లో టీ తాగినారు. నా కళ్ళతో సూసాను."

ధర్మేంద్రది స్టేషన్ రోడ్డు మొదట్లో మిఠాయి కొట్టు. వాళ్ళ నాన్న పర్లాకిమిడి నుంచి వచ్చి ఇక్కడ పొయ్యి పెట్టాడు. ఇంట్లో ఒరియా మాట్లాడతారు. అన్నాళ్ళూ ఎవరికీ పట్టని ఆ సంగతి ఆ క్షణాన అందరికీ గుర్తొచ్చింది.

"టీ అమ్ముకునేవోడిని, అడిగినోడికి పొయ్యనేటి?" అన్నాడు ధర్మేంద్ర. అందరి మొహాల్లోనూ బరువు దిగినట్టు ఒక తేలిక కనిపించింది. ఆ తేలిక ఉమాపతికి నచ్చలేదు. తీరా చూసుకుంటే, పక్కనే ఉన్న ధర్మేంద్ర కుర్చీకి తన కుర్చీ జానెడు దూరం జరిగి ఉంది. ఎప్పుడు జరిపాడో అతనికే తెలియలేదు.

మర్నాటినుంచి ఆ కొట్టు గడప ఎవరూ తొక్కలేదు. ఉమాపతి ఒక్కడే వెళ్ళి టీ అడిగాడు. ధర్మేంద్ర గ్లాసు ముందు పెట్టి, అతని మొహంలోకి అదోలా చూశాడు.

"నన్ను కనిపెట్టి రమ్మన్నారేటి?"

కాదని చెప్పినా నమ్మలేదు. ఉమాపతి కూడా అతన్ని పూర్తిగా నమ్మి వెళ్ళలేదు. ఏమో, నిజంగానే చెప్పాడేమో అన్న పురుగు లోపల తొలుస్తూనే ఉంది.

అది భరించలేక టెక్కలి రోడ్డులో కల్వర్టు దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డ కొలతలవాళ్ళ దగ్గరికే వెళ్ళి అడిగాడు. వాళ్ళలో ఒకతను చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "ఎవరూ చెప్పలేదండి. మర్నాడు మా సారు మేనకోడలి పెళ్ళి. అందరం పెళ్ళికెళ్ళాలని ఒకరోజు ముందే కానిచ్చేశాం."

ఇంత చిన్న సంగతికా అనుకుంటూ ఉమాపతి పరుగున వచ్చి మీటింగులో చెప్పాడు. ఒక్కరి మొహమూ విప్పారలేదు. త్రినాథ్ మెల్లగా అడిగాడు: "నువ్వెందుకెల్లావు వాళ్ళ కాడికి? నిన్నెవలు పంపినారు?"

ఆ వారంలోనే పక్క కొట్లవాళ్ళ పలకరింపులు ఆగిపోయాయి. "ధర్మేంద్ర పక్కన నీకూ పీటేసినారు, ఎల్లి కూసో" అంది కమలాదేవి. ఆమె కళ్ళలో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

ఉమాపతి సిమెంటు గోడౌనుకి వెళ్ళి ఆనంద్‌కుమార్‌ని నిలదీశాడు. అతను బస్తాల చాటుకి తీసుకెళ్ళాడు. ఆ పెద్ద గొంతు అక్కడ గుసగుసైపోయింది.

"ధర్మేంద్ర కాదని నాకు తెల్దనుకున్నావేటి?"

"మరి అలాగెందుకన్నావు?"

"ఆ రోజు అందరూ నా మొకమే సూస్తన్నారు. ఎవుడిదో ఒకడి పేరు రాకపోతే నా పేరే వస్తాది. నాను సూపించకపోతే, సూపించేవోడిని ఇంకోడిని ఎట్టుకుంటారు."

ఇన్నాళ్ళూ గుంపుని తోలుతున్నది ఇతనే అనుకున్నాడు ఉమాపతి. తోలుతున్నది గుంపే. భయపడ్డ గుంపుకి కావలసింది దారి చూపేవాడు కాదు, శత్రువుని చూపేవాడు. ఆ పేజీ ఎన్నిసార్లో చదివాడు, మనిషి రూపంలో చూడడం ఇదే మొదటిసారి. అతని మీద జాలేసింది. ఆ జాలి మీద కూడా అనుమానం వేసింది.

వానలు వెనకబట్టాక యంత్రాలొచ్చి అరుగులు కొట్టేశాయి. అప్పటికే ధర్మేంద్ర మిఠాయి పెనాలు బండికెత్తించుకుని పర్లాకిమిడి వెళ్ళిపోయాడు. తిట్టడానికి అతను లేడు. ఆనంద్‌కుమారే అమ్ముడుపోయాడని బజారు తీర్మానించింది. అతను సంఘం వదిలేసి, కొట్టులో కొడుకుని కూర్చోబెట్టి, బయటికి రావడం మానేశాడు.

ఒకరోజు పొద్దున్నే త్రినాథ్, మరికొందరు ఉమాపతి కొట్టుకొచ్చారు.

"అప్పుడు నిజం సెప్పింది నువ్వొక్కడివే. నువ్వే సంఘానికి పెద్దగా ఉండాల."

అందరూ అతని మొహమే చూస్తున్నారు. సత్రంలో ఆనంద్‌కుమార్‌ని చూసిన చూపే అది. నిజానికి ఉమాపతిని భయపెట్టింది ఆ చూపు కాదు, అది తన ఒంటికి వెచ్చగా, హాయిగా తగలడం. ఒప్పేసుకుంటే ఎంత బాగుణ్ణో అనిపించింది. లోపలి గదిలోంచి కమలాదేవి చూస్తోంది.

"నాకొద్దు" అన్నాడు. "ముందు ఎవరైనా పర్లాకిమిడెళ్ళి ఆ మనిషిని క్షమించమని అడగండి. కావాలంటే నేనూ వస్తాను."

వాళ్ళు ఆలోచిస్తామని లేచారు. గుమ్మం దాటుతూ త్రినాథ్ పక్కవాడితో అన్న మాట లోపలికి స్పష్టంగా వినబడింది.

"ఏదో ఉన్నాదిరా. లేకపోతే ఒద్దంటాడేటి?"

తర్వాతి ఆదివారం ఉమాపతి ఒక్కడే పర్లాకిమిడి బస్సెక్కాడు.