ఆ చదువు ఆంటీ వాటా

మా ఆంటీ పోయారని మొన్న ల్యాబ్ క్లాసులో ఉండగా తెలిసింది. బ్రెయిన్ స్ట్రోక్. మేము అద్దెకుంటున్న బేస్‌మెంట్‌కు ఓనరు ఆవిడ, మా క్లాస్‌మేటు కూడా. ఇంకొక్క టర్మ్ గడిస్తే మాతోపాటే ల్యాబ్ టెక్నీషియన్ అయ్యేవారు. ఏడవాల్సిన వేళ నాకు కోపమే వస్తోంది. ఎందుకో చెబుతాను.

అంకుల్ అమెరికా సైన్యంలో పనిచేసి, రిటైరయ్యాక ఉద్యోగం దొరికి కెనడాలో ఉన్న ఈ లండన్‌కి వచ్చారు. సైన్యం ఆయనకు కాలేజీ ఫీజు ఇస్తుంది. కావాలంటే భార్యకో పిల్లలకో మార్చుకోవచ్చు. కాకపోతే సర్వీసులో ఉండగానే, ఇంకొన్నేళ్లు పనిచేస్తానని ఒప్పుకుని మార్చాలి. అంకుల్ ఒప్పుకున్నారు. పేరుకి ఒక్క నెల కొడుక్కి ఉంచి, మిగిలినదంతా ఆంటీకి రాయించారు. ఆ ఒక్క నెల ఉంచడం వల్ల, రిటైరయ్యాక కూడా మిగిలింది కొడుకు పేరుకి మార్చుకునే వీలుంటుందట.

ఆ డబ్బు కొడుక్కి దక్కలేదని ఇక ఇక్కడి మనవాళ్ల బాధ చూడాలి. మాలాంటి వాళ్లం వీసాలు తెచ్చుకుని గుంపులుగా దిగిన రోజులవి. క్లాసు నిండా ఇరవై ఏళ్ల పిల్లలం, మొదటి వరుసలో యాభై దాటిన ఆంటీ. ప్రొఫెసర్ రాగానే లేచి నిలబడేవారు. వెనక ఎవరైనా నవ్వితే ఇంకాసేపు నిలబడేవారు. పరీక్షల వారం ఇంట్లో పొయ్యి వెలిగించేవారు కాదు. "నేను స్టూడెంట్‌ని కదమ్మా" అని దర్జాగా పిజ్జా తెప్పించేవారు.

తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ఏ పాట్‌లక్‌కి వెళ్లినా ఆవిడకి ఒకటే సలహా. "ఈ వయసులో మీకెందుకండీ? బాబు లోన్ తీసుకుని చదువుతున్నాడాయె. వాడికి ట్రాన్స్‌ఫర్ చేసెయ్యండి." ఆ బాబు మాత్రం ఏనాడూ అడగలేదు. ఎవరైనా జాలిపడితే "దట్స్ మామ్స్, ఆంటీ. అది అమ్మదే" అనేసి లేచిపోయేవాడు.

ఆంటీ వాళ్లతో వాదించలేదు. కాలేజీకి కారులో తీసుకెళ్తూ ఒకసారి నాతో అన్నారు. "ఆయనకి పోస్టింగ్ మారినప్పుడల్లా నేను చేరిన కోర్సు సగంలో వదిలేసి సామాను కట్టానమ్మా. పిల్లాణ్ణి ఒక్కదాన్నే పెంచాను. ఇది ఆయన నాకిచ్చిన బహుమతేం కాదు. నా వాటా."

నిన్న అంత్యక్రియలయ్యాక అందరం ఇంటికి వచ్చాం. అన్నం పొట్లాలు పంచుతున్నారు. పాట్‌లక్ పెద్దావిడ ఒకరు అంకుల్ పక్కన చేరారు.

"అన్నయ్యగారూ, ఇంకో టర్మ్ డబ్బులు మిగిలాయట కదా. ఇప్పుడైనా బాబుకి మార్పించండి. ఇన్నాళ్లూ కట్టిందంతా ఎలాగూ వృథా అయింది."

వృథా అట! మైక్రోస్కోప్‌లో రక్తం చూసి ఎవరి సాయం లేకుండా జబ్బు పోల్చుకున్న రోజు ఆంటీ క్లాసంతా తిరిగి స్వీట్లు పంచారు. ఆ ముఖం వీళ్లెవరూ చూడలేదు. సిగ్గులేని జనం. శవం లేచి గంట కాలేదు, పంపకాలు మొదలుపెట్టారు.

"చదువుకున్నది వృథా ఎట్లయితది ఆంటీ?" అన్నాను. గొంతు పెద్దదే అయింది.

పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "చిన్నపిల్లవి, నీకు తెలియదులే" అన్నారు. పొట్లం అక్కడే పెట్టేసి బయటికొచ్చాను.

మంచులో ఆంటీ కారు ఆగి ఉంది. అద్దానికి కాలేజీ పార్కింగ్ పర్మిట్ ఇంకా వేలాడుతోంది. కింద సన్నటి అక్షరాలతో ఉంది, దాన్ని ఇంకొకరి పేరుకి మార్చడం కుదరదని.