బషీర్ పంచిపెట్టిన ఓటు

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా బషీర్ చాయ్ హోటల్. దాని వెనక గదిలో అతని భార్య రాబియా ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది. కత్తెర కింద తునికాకు తెగే చప్పుడు ఎండుటాకుల మీద సన్న వాన పడ్డట్టుంటుంది. లింగంపేటలో పుట్టింటి అరుగు మీద మొదలైన వాన అది. పెండ్లయినంక ఆమె వెంటే ఎల్లారెడ్డికి వచ్చింది.

ఇంటరుతో ఆగిపోయిన చదువును, కూతురు అర్షియా ఇంటర్ కాలేజీకి పోవడం మొదలుపెట్టిన ఏడు రాబియా మళ్లీ పట్టుకుంది. సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీలో చేరింది. ఆదివారం క్లాసులకు కామారెడ్డి బస్సెక్కేది. మిగతా రోజుల్లో పుస్తకాన్ని చాట అంచుకు ఆనించుకునేది. వేళ్లు ఆకును చుడుతుంటే కండ్లు కాకతీయుల మీదుగా, కుతుబ్‌షాహీల మీదుగా నడిచిపోయేవి. ఇప్పటికీ ఆ పుస్తకాల్లో ఏ పేజీ తెరిచినా తంబాకు వాసన. ఫలితం వచ్చిన రోజు బషీర్ హోటల్లో అందరికీ ఉత్తగనే చాయ్ పోసి, మా ఇంట్ల డిగ్రీ పాసయిందని చెప్పాడు. ఎవరు పాసయ్యారో చెప్పడం ఆ సంబురంలో మరిచాడు.

మోదుగులు మండే కాలంలో శాసనమండలికి పట్టభద్రుల ఎన్నిక వచ్చింది. డిగ్రీ పాసై మూడేండ్లు నిండినవాళ్లకే ఓటు. అర్షియాకు ఇంకా నిండలేదు. రాబియాకు నిండాయి. ఆ వరుస ఇండ్లలో ఓటున్నది ఆమె ఒక్కతికే.

హోటల్లో బెంచీలన్నీ రాజకీయమే. కరీంనగర్ దిక్కు వకీలు సాబ్ గాలి ఉందని ఒకరు, నిజామాబాద్ దిక్కు లెక్చరర్ సారుకే జోరని ఇంకొకరు. ఏ పార్టీకీ లేకుండా నిలబడ్డ అనిల అనే పిల్ల ఇద్దరి ఓట్లూ చీలుస్తదని మూడో బెంచీ. మొదటి ప్రాధాన్యంతో ఎవరూ గెలవరు, రెండో అంకెలే తేలుస్తాయి అనే దగ్గర మాత్రం అందరూ ఒక్కటయ్యేవారు.

ఆ మాటలన్నీ బషీర్ చాయ్ వడపోస్తూ విన్నాడు. ఈ ఎన్నికలో ఓటంటే ముద్ర కాదని, పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలని అర్థమైంది. అంటే అందరికీ ఇవ్వచ్చన్నమాట. ఇంత మంచి ఎన్నిక ఎన్నడూ చూడలేదనుకున్నాడు. వకీలు సాబ్ తరఫున వెంకటి వచ్చి అడిగితే సరేనన్నాడు. లెక్చరర్ సారు పాత శిష్యుడు కృష్ణమోహన్ అడిగితే సరేనన్నాడు. అనిల స్నేహితురాలు తార అడిగితే, నీకు కాకుంటే ఎవరికమ్మా అన్నాడు. రాబియాను మాత్రం అడగలేదు.

ఒక సాయంత్రం ముగ్గురూ ఒకేసారి హోటల్లో కలిశారు. బషీర్ భాయ్ ఇంటి ఓటు మాదని వెంకటి అన్నాడు. కాదు, మొన్ననే మాట తీసుకున్నానని కృష్ణమోహన్. తార కిలకిల నవ్వి, నాక్కూడా మాటిచ్చిండంది. ముగ్గురూ బషీర్ వైపు తిరిగారు.

"నేను అబద్ధమాడలే వెంకటన్న. అంకెలు మస్తున్నయి, తలా ఒకటి వస్తది."

"ఒకటో అంకె ఒక్కరికే భాయ్. నువ్వేమన్న జిలేబీ పంచుతున్నవా?"

హోటలంతా నవ్వింది. పరదా వెనక రాబియా చేతిలో కత్తెర ఆగింది. నవ్వు వచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. పుస్తకాన్ని చాటకు ఆనించుకొని ఎన్ని వానలు దాటితే వచ్చిన ఓటు అది. తన మనసు ప్రకారం వేస్తే మొగుని మాట పోతుంది. మొగుని మాట నిలబెడితే ఆ చదువు ఎందుకు చదివినట్టు? మాటిచ్చిన మనిషేమో, తప్పు చేసిన పసివాడిలా గిన్నెలోకి చూస్తున్నాడు.

ఒళ్లోని ఆకు దులుపుకొని, దుపట్టా తల మీదికి లాక్కొని, పరదా జరిపి బయటికొచ్చింది. హోటల్ ముందుకు ఆమె ఎప్పుడోగాని రాదు.

"అంకె ఏసేది నేను. అడిగేటిది నన్నడగాలె గద."

ముందుగా కృష్ణమోహన్ లేచి నిలబడి, తప్పయింది మేడం అన్నాడు. ఆ పిలుపు ఆ హోటల్లో కొత్తది. రాబియా ఒకటే అడిగింది. తనలాగ పని చేసుకుంటూ చదివే ఆడవాళ్లకు క్లాసులు ఎల్లారెడ్డిలోనే పెట్టాలని మీ వాళ్లు మండలిలో మాట్లాడతారా? వెంకటి అక్కడికక్కడే వకీలు సాబ్‌కు ఫోన్ కలిపాడు. కృష్ణమోహన్ తన లెక్చరర్ సారును అడిగొస్తానని బయల్దేరాడు. అనిలను రేపు తీసుకొస్తనక్కా, నువ్వే అడుగు అంది తార. బషీర్ ఎవరి చాయ్ ఎవరికివ్వాలో మరిచి, ముగ్గురిదీ తనే తాగేశాడు.

తెల్లారి పొద్దున హోటల్ నిండగానే బషీర్ అందరికీ వినపడేలా చెప్పాడు.

"నేనిచ్చిన మాట వాపస్ తీసుకుంటున్న. ఆ ఓటు నాది కాదు. రాబియాది."

పరదా వెనక కత్తెర చప్పుడు ఒక్క క్షణం తప్పి, మళ్లీ జోరందుకుంది.

జవాబులు ముగ్గురూ రాబియాకే తెచ్చి చెప్పారు. పోలింగు రోజు బషీర్ షట్టరు దించి, ఆమెను బండి మీద ఓట్లేసే బడికి తీసుకెళ్లాడు. అక్కడిచ్చిన ఊదారంగు పెన్నుతో రాబియా నిదానంగా అంకెలు దిద్దింది. మొదటిసారి పలక పట్టిన రోజులా ఒక్కో అంకెనూ మళ్లీ చూసుకుంది. బయటికొచ్చేసరికి వెంకటి, కృష్ణమోహన్, తార గేటు దగ్గరే ఉన్నారు. గెలుపు జాడ ఆమె ముఖంలో దొరుకుతుందేమోనని చూశారు. ఆమె అందరినీ చూసి ఒకే నవ్వు నవ్వింది.

"ఇంటికేనా?" అన్నాడు బషీర్.

"షట్టర్ ఎట్లాగూ ఏసినవ్ గద. నిజాంసాగర్ పోదాం."

కట్ట మీద గాలి ఆమె దుపట్టాను పతంగిలా ఎగరేసింది. కింద కాలువ వెంట వరి పచ్చగా ఊగుతోంది. వేయించిన చేప తెచ్చుకొని నీళ్లకు ఎదురుగా కూర్చున్నారు. బషీర్ ఆమె వేలి మీది సిరా వంక చూసి, ఏదో అడగబోయి, నోట్లో చేప ముక్క పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్లీ నోరు తెరిచాడు, మళ్లీ ముక్కే పెట్టుకున్నాడు. రాబియా నవ్వాపుకోలేక తన పళ్లెంలోని చేప కూడా అతని ముందుకు జరిపింది.