ముత్తక్క గరుకు బిళ్లలు

చండ్రుగొండలో కుండలు చేసే ముత్తక్కకు అరవై రెండేళ్లు. ఆమె బట్టీ పొగ పక్కనున్న బడిలోకి పోతోందని పంచాయతీ సెక్రటరీ రవీందర్ నెల గడువిచ్చాడు. పొగ తీరు మారకపోతే బట్టీని ఊరవతల గుట్ట కిందికి తీసుకుపోవాలి. అక్కడ నీళ్లు లేవు, అంత దూరం నడవడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. బట్టీ కదిలితే ఆమె పని ఆగినట్టే.

కొత్తగూడెం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నేను పెద్ద మొనగత్తెలా ముందుకొచ్చాను. మాంగనీస్ ఆక్సైడ్ పొడి వేడి పొగలోని విషవాయువును చాలావరకు హాని లేనిదిగా మార్చేస్తుంది. ఆ పొడిని మట్టి బిళ్లలకు పట్టించి పొగగొట్టంలో పేర్చాలి. "బిళ్లలు నువ్వు చెయ్యి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను.

ముత్తక్క నలభై బిళ్లలు చేసింది. ఎర్రమట్టి నీళ్లు పూసి, నున్నరాయితో రుద్ది రుద్ది మెరిపించింది. గరుకు వస్తువు చెయ్యి దాటితే తలవంపులని వాళ్లింట్లో పట్టింపు. పొడి పట్టించి బట్టీ వెలిగిస్తే విషవాయువును కొలిచే నా మీటరులో అంకె దిగితే ఒట్టు. గొట్టం విప్పి చూస్తే పొడంతా కింద రాలి ఉంది. రెండుసార్లు పొడి మార్చాను, అదే తంతు. నాకు ఒళ్లు మండింది. "మట్టి సరిగ్గా కాల్చలేదు నువ్వు" అని ఆమె మీద నోరు పారేసుకున్నాను.

ఆమె ఒక బిళ్లను నీళ్ల బకెట్‌లో వేసింది. ఒక్క బుడగ రాలేదు.

"గిది నీళ్లే తాగుతలేదు బిడ్డా. నీ పొడిని ఏం పట్టుకుంటది?"

తర్వాత బట్టీ మూతకు వాడే పెంకు తెచ్చి వేసింది. అది వడ్ల ఊక కలిపిన మట్టి. కాలినప్పుడు ఊక బూడిదై లోపలంతా సన్నని ఖాళీలు మిగులుతాయి. బుడబుడమని బుడగలొచ్చాయి. నేను బకెట్ పక్కనే కూలబడ్డాను. పొడి పనితనం దాన్ని మోసే వస్తువును బట్టి ఉంటుందని ఏళ్ల తరబడి పాఠం చెప్పానే, ఈ మట్టి సంగతి ఒక్కసారైనా ఆమెను అడగలేదు.

"మరి బిళ్లలు ఇట్లనే చెయ్యి అక్కా."

"గరుకుగనా?" ఆమె మొహం ముడుచుకుంది. "మా అత్త చూస్తే చెయ్యి ఇరగ్గొట్టేది."

గడువుకు పది రోజులుందనగా ఊక బిళ్లలు చేసింది. పొడి ఖాళీల్లోకి ఇంకి గట్టిగా పట్టుకుంది. గడువు రోజున రవీందర్ ముందే బట్టీ వెలిగించాం. గొట్టం వేడెక్కాక మీటరు అంకె సగానికి పడిపోయింది. అతను బడి కిటికీ దగ్గరికెళ్లి గాలి పీల్చి చూశాడు, తిరిగొచ్చి బట్టీ ఇక్కడే ఉండొచ్చని కాగితం మీద రాశాడు.

"మొదట్ల పనిచెయ్యలేదంటిరి. పొడి మార్చిండ్రా మేడం?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ముత్తక్క అందుకుంది. "పొడి మంచిదే సారూ. కూసోనికి నేనే జాగా ఇయ్యలే."

ఆమె మీద అరిచినందుకు అక్కడే, అతని ముందే క్షమాపణ అడిగాను.