మట్టితో సర్వపిండి

మా వాడకట్టు మొత్తానికి ఒక్క పూటలో పొయ్యి మీద పెట్టడానికి గిన్నె లేకుండా చేసిన మహాతల్లి ఒకామె ఉండేది. ఆమె సంగతి చెబుతాను, జర నిమ్మళంగా కూర్చోండి. దొంగలు పడ్డా ఇంటికో సొట్టగిన్నె వదిలిపోతారు. ఈమె అదీ వదల్లేదు. ఆ మహాతల్లి ఎవరో కాదు, నేనే.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కొట్లాటతో బడులు మూతబడ్డాయి. అప్పుడు మేం మందమర్రిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉన్నాం. నెలలు గడిచినా బడి తలుపు తెరుచుకోలేదు. మా పిల్లలు కోతులకే కొత్త చేష్టలు నేర్పేదాకా వచ్చారు. ఇక లాభం లేదని మా వరుసలో ఆడవాళ్లం కూడబలుక్కుని వాకిట్లో సొంత బడి పెట్టాం. ఎవరికి ఏది వస్తే అది నేర్పాలి. మిషన్ బడిలో చదువుకున్న శాంతక్క తెలుగూ లెక్కలూ చెప్పేది. దర్జీ భార్య కుట్లు నేర్పేది. శ్లోకాలు ఓవర్‌మన్ భార్య సులోచనమ్మవి. ఓవర్‌మన్ అంటే బాయిలో మా ఆయనలాంటి వాళ్ల మీద పెత్తనం చేసేవాడు. బయట ఆ పెత్తనం సులోచనమ్మది. ముక్కు కారే మూడేళ్లవాడూ, మీసం మొలిచే పద్నాలుగేళ్లవాడూ ఒకే చాప మీద కూర్చునేవారు.

కట్టుబాటు పెట్టింది కూడా సులోచనమ్మే. ఏ ఇంటి తల్లి పాఠం చెప్పదో, ఆ ఇంటి పిల్లలకు చాప మీద జాగా లేదు.

నా చదువు రెండో తరగతి దగ్గరే కూలబడింది. నా బిడ్డ సరోజకేమో శాంతక్క పాఠమంటే పానం. మిర్చీలు కట్టిచ్చిన కాగితం కూడా నూనె తుడిచి చదివేది. కట్టుబాటు సంగతి విన్న రోజు అన్నం ముందు కూర్చుని నా మొహంలోకి చూసింది.

"అవ్వా, నీకేదన్న వస్తదా?"

ఏ తల్లయినా నాలుగు రోజులు ఆలోచించి జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. నేను ఆలోచించలేదు. సర్వపిండి నేర్పుతానని చెప్పేశాను.

సర్వ అంటే గుండ్రటి అడుగున్న గిన్నె. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ ఉల్లాకూ కలిపి, సర్వ లోపల గోడకు పలచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, నూనె పోసి కాలుస్తారు. మా దిక్కు పుట్టిన ఆడపిల్లకు నడక కంటే ముందు వచ్చేది ఇదే.

సంగతి విని సులోచనమ్మ మూతి తిప్పింది. "సర్వపిండి గూడ ఒక సదువేనా లచ్చమ్మా? రేపు నీళ్లు తాగుడు నేర్పుతవా?" అంది. మళ్లీ తనే దిగొచ్చింది. "సరే కానియ్. మా రమేషు నా పుట్టింటి ఇత్తడి సర్వ తెస్తడు. దానికి ఒక్క సొట్ట పడ్డా నీ బిడ్డ చాప దిగుడే."

ఇప్పుడు పిండి కావాలి. అంతమంది పిల్లలకు బియ్యప్పిండి పోసే తాహతు నాకెక్కడిది? మా కాలనీలో బియ్యానికి కరువు గానీ బొగ్గుకు కరువు లేదు. కొలిమికి సరిపడా మంట ప్రతి గడపలోనూ ఉండేది, దాని మీద పెట్టడానికే ఏమీ ఉండేది కాదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఒత్తడం నేర్చుకోవడానికి పిండెందుకు, మన్ను చాలదా అని. ఇంత తెలివి ఇన్నాళ్లూ నాలో ఎక్కడ దాక్కుందా అని నాకే ఆశ్చర్యమేసింది. దాక్కున్నది తెలివి కాదని తర్వాత తేలింది లెండి.

శాంతక్క మాత్రం అడిగింది. "మన్ను కాలితె ఏమైతదో ఎరుకేనా చెల్లె?"

"కాలుస్తమా అక్కా? ఒత్తుడు, కడుగుడు, అంతే."

ఆ మాట నిజంగానే అన్నాను. నాకోసం కొంచెం గుర్తుపెట్టుకోండి.

పొయ్యిలు అలకడానికి తెచ్చిన పుట్టమన్ను పిసికి పెట్టాను. పిల్లలు ఇంటింటి సర్వలూ మోసుకొచ్చారు. గరిక తుంపి ఉల్లాకన్నాం, కంకర ఏరి పల్లీలన్నాం. పెద్దవాళ్లు ఒత్తారు, నడిమివాళ్లు బొక్కలు పెట్టారు, చిన్నవాళ్లు తిన్నారు. నా జీవితంలో అంతమంది కూర్చుని నా మాట వినడం అదే మొదలు. మా ఇంట్లో నేను నోరు విప్పితే పిల్లి కూడా లేచిపోయేది. నాకు పూనకం వచ్చినట్టయింది.

అప్పుడు సులోచనమ్మ కొడుకు రమేషు లేచాడు. "లచ్చత్తా, కాలిందో లేదో ఎట్ల ఎరుకైతది?"

"అంచులు లేస్తయి బిడ్డా."

"లేస్తయని నువ్వంటున్నవ్. మేము చూడాలె గద?"

సరోజ నా వైపే చూస్తోంది. బిడ్డ ముందు తెలియదని ఎట్లా అనను? పెట్టండి పొయ్యిల మీద అన్నాను.

వరుస పొడుగునా వాకిళ్లలో బొగ్గు పొయ్యిలు కణకణమంటున్నాయి. సర్వలన్నీ ఎక్కించి, అంచులు ఎప్పుడు లేస్తాయా అని చూస్తూ కూర్చున్నాం. లేవలేదు. ఇంకా కాలలేదేమో, బొగ్గు ఎగదొయ్యండి అన్నాను. ఎగదోశారు. పొయ్యికి అలికిన పుట్టమన్ను గడ్డపారతో పొడిచినా ఊడదని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినవన్నీ వేళకు గుర్తొస్తే నా బతుకు ఇట్లా ఎందుకుండేది?

సాయంత్రం అన్నం వండటానికి తల్లులు ఒక్కొక్కరే సర్వల కోసం వచ్చారు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఎదగాలి అంటారు. ఆ రోజు సర్వలో మన్ను సర్వలోనే ఉంది, నా పరువు మాత్రం వాడంతా తిరిగొచ్చింది. వాళ్ల తిట్లు ఇక్కడ రాయను. పిల్లలున్న ఇల్లు మీది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి వాకిట్లో సర్వల సంత. ఒకదాన్ని తీసి వేలితో కొట్టాడు. బండరాయిలా పలికింది.

"ఏందే గిది?"

"సర్వపిండి."

"పొద్దంత బొగ్గు తవ్వి వస్తిని. ఇంటికొచ్చి సర్వలు గూడ తవ్వాల్నా?"

తవ్వాడు పాపం. అతనొక్కడే కాదు, వరుసలో మగవాళ్లందరూ సబ్బళ్లు, అదే గడ్డపారలు, పట్టుకుని కూర్చున్నారు. బాయిలో తెగని పని మా వాకిట్లో మొదలైంది. మా ఆయన చేతికి ఇత్తడి సర్వ రాగానే దగ్గరికి ఉరికాను. మెల్లగా తవ్వమని బతిమాలాను.

"నాకు తవ్వుడెరుక గని మెల్లగ తవ్వుడెరుక లేదే," అన్నాడు. సబ్బల్ మొన అడుగు చీల్చుకుని అవతలికి వచ్చింది.

రమేషు ఆ బొక్కకు కన్ను ఆనించి ఆకాశం చూశాడు. "మంచిదే గదా లచ్చత్తా. సర్వపిండికి బొక్క పెట్టాలన్నవ్ గద," అన్నాడు. చదువు వంటబట్టింది ఆ ఒక్కడికే. ఆ చదువు వాళ్లమ్మకు అప్పజెప్పడానికి ఇంటికి పరుగెత్తాడు.

సరోజ పలక తుడిచి అటక మీద పెట్టింది. ఆమె తిట్టినా బాగుండేది.

తెల్లారగానే పెరట్లో తులసి మొక్క వేరుతో పెరికాను. బొక్కపడ్డ ఇత్తడి సర్వను మట్టితో నింపి, మొక్క నాటి, పసుపు కుంకుమ పెట్టి, నల్లా దగ్గర చుట్టకుదురు మీద నిలబెట్టాను. నీళ్లకొచ్చినవాళ్లంతా దండం పెట్టుకోవడం మొదలైంది. ఎవరిదని అడిగితే, సులోచనమ్మ తన పుట్టింటి సర్వ తులసమ్మకు ఇచ్చిందని చెప్పాను.

సులోచనమ్మ కొంగు బిగించి వచ్చేసరికి దర్జీ భార్య ఎదురెళ్లి చేతులు పట్టుకుంది. "ఎంత పెద్ద మనసమ్మా నీది. మాకైతె పానం ఒప్పదు."

సులోచనమ్మ నన్ను చూసింది. సర్వను చూసింది. చేతులు జోడించిన ఆడవాళ్లను చూసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూయడానికి కొంతసేపు పట్టింది.

"దేవునికంటె ఎక్కువనా," అని కొంగు సర్దుకుంది. నా పక్కగా పోతూ పళ్ల సందుల్లోంచి అంది. "నీ బిడ్డను రమ్మను. నువ్వు మాత్రం చాప దిక్కు వస్తివా, చూస్కో."

నల్లా ఎదురుగా మా ఇంట్లో సరోజ అప్పటికే అటకెక్కి పలక దించుకుంటోంది. శాంతక్క బిందె నింపుకుంటూ తల తిప్పకుండానే అంది. "మన్ను నువ్వు పెడితివి, బొక్క నీ పెనిమిటి పెట్టె. మొక్కొక్కటే తక్కువుండె చెల్లె."

కాబట్టి చదివేవాళ్లారా, వేములవాడ రాజన్న సాక్షిగా, ఒంటిమీద తడిబట్టతో ఒట్టు పెడుతున్నాను. చేతిలో పిండి లేకుండా ఎవరికీ వంట నేర్పను. పోయిన వారం మనుమరాలు సర్వపిండి నేర్పమని పిండి లేకుండా కొత్త సర్వ పట్టుకొచ్చినా ఒట్టు తప్పలేదు. ముందుగా పోయి తులసి మొక్క తెచ్చుకోమన్నాను.